గడియ

హసావియాలో బకాలా మీది గది మాది.
శుక్రవారం పొద్దున పది నుంచి మూడు దాకా.
నాలుగు కుట్టుమిషన్లు, తిరిగీ తిరగని ఏసీ.
ఇండ్లల్లో పనిచేసే పిల్లలు వస్తే పదిమంది,
రాకుంటే నేనూ, దారప్పెట్టె.

ఆమె చెప్పులు విప్పి లోపలికొచ్చి
నా పేరు దలాల్ అనింది.
చేతిలో సూది జారింది.
మమ్మల్ని విమానమెక్కించి మాయమైనోణ్ణి
మా పక్క పిలిచే పేరది.
అరబ్బీలో గారాబం అని అర్థమంట.
యూనివర్సిటీలో పరిశోధన చేస్తాదంట.
సరే గారాబమా, కూచో అని చాయ్ పోసినా.

ఇండ్లల్లో నేర్చుకున్న నా అరబ్బీ అంతా
తే, తీయ్, తుడువు.
ప్రశ్నలడిగే అరబ్బీ ఆమె కాగితాల్లో ఉంది.
నలభై ప్రశ్నలు. పద్నాలుగోది:
నువ్వుండే ఇంట్లో నీకు భద్రంగా ఉందా?
పెంచలమ్మ, పాస్‌పోర్టులో ముప్పై ఒకటి,
జ్ఞానదంతం ఇంకా రాలేదు:
బాగుంది మేడం.
రమీజా: బాగుంది మేడం.
మోచేతి కాడ ఇస్త్రీపెట్టె మూల అచ్చుపడిన సుబ్బరత్న కూడా
చున్నీ కిందికి చెయ్యి లాక్కుని
బాగుంది మేడం.

ఆ రాత్రి నేనే ఫోన్ చేసినా.
అమ్మా, బాగుంది అంటే తలుపేసుకోవడం.
ఇట్ల అడుగు:
నీ ఫోను యాడ చార్జింగు పెడతావు?
అన్నం ఎన్నింటికి తింటావు, కూచునా, నిలబడా?
పండుకునే చోట గడియ ఉందా,
ఉంటే ఏ పక్కనుంది?
అటుపక్క చానాసేపు మాట లేదు,
పెన్ను గీకే చప్పుడు.

ఆమె కూడా నాకొకటి నేర్పింది,
కోపం తెప్పించి మరీ.
పిల్లలు మిషన్ల కోసం వస్తారని నా నమ్మకం.
ఆరేండ్లుగా చందాలిచ్చేవాళ్ళకు అదే చెప్తున్నా.
ఆమె హాజరు పుస్తకం ముందేసుకుని లెక్క తీసింది:
రెండు మిషన్లు పాడైన నెల ఒక్కతీ తగ్గలేదు.
బాత్రూం కొళాయి చెడిన రెండు వారాలు
సగానికి సగం రాలేదు.

కొళాయా, అని నవ్వినా.
నవ్వు మధ్యలో ఆగింది.
వచ్చీ రాంగానే ఒక్కొక్కతీ అందులోకి పోయి
గడియ పెట్టుకుని
అరగంట, ఒక్కోసారి గంట.
నేనేమో తలుపు దబదబా బాది
నీళ్ళ బిల్లు మీ నాయన కడతాడా అని అరిచేదాన్ని.
ఆరేండ్లు.

వెనక సామాన్ల కొట్లో ప్లైవుడ్డు కొట్టించినాం.
మూడు అరలు. చాప, అద్దం, చార్జింగు ప్లగ్గు,
లోపలి పక్కన గడియ.
అది పనిచేస్తాదో లేదో తెలియాలంటే
సగం మందికిచ్చి సగం మందికి ఆపాలనింది ఆమె.
ఎవరికి వద్దని చెప్పాలో ఆ మాట నువ్వే చెప్పు అన్నా.
ఒక వారం ఇద్దరికీ మాటల్లేవు.
మళ్ళీ శుక్రవారం ఖర్జూరాల డబ్బాతో వచ్చి
అందరికీ ఇద్దాం,
ముందెవరికో చీటీ వేద్దాం అనింది.
చీటీలు మాకు కొత్తా!

తొలి చీటీ పెంచలమ్మది.
గడియ పడిన చప్పుడు ఇద్దరం విన్నాం.
అదేమంటారు మీ భాషలో, అని అడిగింది.
గడియ. తలుపుకుండేదీ గడియే,
పూర్వం పొద్దును కొలిచిందీ గడియే.
'గ'కు అక్షరం వెతుక్కుంటూ
కుడి నుంచి ఎడమకు రాసుకుంది.

సుబ్బరత్న మూడు శుక్రవారాలుగా రాలేదు.
పుస్తకంలో ఆమె గడి తెల్లగా ఉంది.
లెక్కల్లో దాన్ని ఖాళీ అంటారంట.
పదహారేండ్ల పిల్లను ఖాళీ అంటే ఎట్లమ్మా, అన్నా.
దలాల్ కాగితాలు మూసి కారు తాళాలు తీసింది.
ఇల్లు నాకు తెలుసు.
దారి ఆమెకు తెలుసు.

ఫర్వానియా సిగ్నలు కాడ ఎర్రలైటు.
అద్దాల మీద దుమ్ము గీకుతున్న వైపర్లు.
స్టీరింగు మీద ఆమె వేళ్ళు
ఏదో లెక్కపెడుతున్నాయి.
నేనేమీ అడగలేదు.